సైదాపేట బండిలో పెళ్ళిచూపులు

మద్రాసు చూసి వచ్చినవాళ్ళు మా నర్సీపట్నంలో నాకు తెలిసి నలుగురున్నారు. నలుగురూ సముద్రం చూశారు. హైకోర్టు మీది దీపం చూశారు. బతికున్న జంతువులను ఒకచోట, చచ్చిన జంతువులను ఇంకోచోట చూశారు. నేను వారంరోజులుండి ఇందులో ఒక్కటీ చూడకుండా తిరిగొచ్చాను. నేను చూసింది ఒక రైలుపెట్టె, అందులో ఒకాయన కుడిపాదం. అయినా వచ్చిన దగ్గరనుంచి "మద్రాసు ఎలా ఉంది మాస్టారూ" అని దారిలో ఆపి అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. అందరికీ నిలబడి చెప్పే ఓపిక లేక, కూర్చుని రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్ళానో చెప్పాలి. మా చెల్లెలు సుభద్రకు పద్దెనిమిదేళ్ళు. ఆ వయసుకి ఇంకా పెళ్ళి కాలేదంటే మా వీధిలో దాన్ని కాదు, మమ్మల్ని జాలిగా చూస్తారు. కిందటి నెల యలమంచిలి నుంచి ఒక పెద్దాయన తన మేనల్లుడి సంబంధం తెచ్చారు. కుర్రాడి పేరు సోమేశ్వరరావు. తల్లీ తండ్రీ లేరు. మద్రాసులో ఒక కంపెనీ ఆఫీసులో గుమస్తా, సైదాపేటలో ఒంటరి కాపురం. ఆషాఢం రాకముందే అవుననో కాదనో చెప్పెయ్యమన్నారు. చదువూ, ఉద్యోగం, గోత్రం విని మా నాన్నగారు తృప్తిపడ్డారు. సుభద్ర పడలేదు.

దానికి కారణం కూడా నాన్నగారే. ఆయన చాలా మంచివారు, కోపం వచ్చినప్పుడు తప్ప. మజ్జిగ పులిస్తే కోపం, పులవకపోతే కోపం. మా ఇంట్లో కంచాలకు కాళ్ళుంటాయని, అవి భోజనం మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంటాయని చిన్నప్పుడు నేను నిజంగా నమ్మాను. ముప్పై ఏళ్ళుగా మా అమ్మ ముందు ఆయన మొహం చూసి, తరవాతే అన్నం కుండ మూత తీస్తుంది. ఇదంతా సుభద్ర వంటింటి గడపమీద కూర్చుని చూస్తూ పెరిగింది.

నాకు దారిబత్తెం కడుతూ అది చెప్పింది: "అన్నయ్యా, మిగతావన్నీ నాన్నగారు కనుక్కున్నారు. నాకోసం ఒక్కటి చూసిరా. ఎవరైనా కాలు తొక్కితే ఆయన ఏటంటాడో అది చాలు. కోపిష్టివాడైతే నేను పీటల మీద కూర్చోను. నన్ను ఎత్తుకెళ్ళి కూర్చోబెట్టేంత బలం నాన్నగారికి ఇప్పుడు లేదు."

మాట చిన్నదే గాని అది నవ్వుతూ అనలేదు. బోర్డు స్కూల్లో భూగోళం చెప్పే పంతుల్ని నేను. పదేళ్ళుగా గోళమంతా చెబుతున్నాను గాని స్వయంగా తుని దాటి వెళ్ళలేదు. ఎండాకాలం సెలవులు కదా అని బయలుదేరాను.

నర్సీపట్నం రోడ్డు

మా ఊరికి రైలు లేదు గాని స్టేషను ఉంది. అది ఊరికి పదిహేడు మైళ్ళ దూరంలో ఉంది. పేరు నర్సీపట్నం రోడ్డు. పైఊరివాళ్ళు ఆ బోర్డు చూసి నమ్మి దిగి, ఊరేదండీ అని అడుగుతారు. అక్కడివాళ్ళు రోడ్డు చూపిస్తారు. పేరులోనే ఉంది, ఎవరినీ ఏమీ అనడానికి లేదు.

తెల్లారకముందే అప్పన్న బండి కట్టాడు. సాయంత్రం రైలుకి ఇంత బేగి ఏటి బాబూ అని గొణిగాడు గాని, రైలు కంటే మనమే ముందు ఉండాలన్నది మా వైపు మర్యాద. చుట్టం వస్తుంటే ఎదురు వెళ్ళినట్టే. రెండో మైలురాయి దగ్గరికి వచ్చేసరికి నేను ఎందుకు వెళుతున్నానో అప్పన్నకు పూర్తిగా తెలిసిపోయింది. ఒకే బండిలో రెండు మైళ్ళు కూర్చుని కూడా ఎదుటివాడి పని తెలుసుకోకపోతే అతన్ని లోకువ చేసినట్టు మాకు. అప్పన్న ముల్లుకర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మేం గిత్తను కొన్నప్పుడు తోక మెలేసి సూత్తాం బాబూ. మెలేత్తే గుణం తెలిసిపోద్ది. మనిసికి తోక నేదు. మీకు కట్టమే," అన్నాడు.

కాలు తొక్కే ఉపాయం చెప్పాను. ఎడ్లను ఆపకుండానే వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు తొక్కితే ఏటి తెలుత్తాది బాబూ. బరువున్నోణ్ణి అంపవలసింది," అన్నాడు. నా ఒంటి సంగతి అప్పటిదాకా ఎవరూ అంత సూటిగా చెప్పలేదు.

గోదావరి చల్లబరచిన కోపం

రైలెక్కాక మొదటి అపశ్రుతి నావల్లే జరిగింది. అమ్మ కట్టిన దద్దోజనం ముంత సామర్లకోటలో పై బల్లమీదనుంచి జారి, కింద కూర్చున్న పొగాకు వర్తకుడి తెల్ల లాల్చీమీద బోర్లా పడింది. ఆవాలూ అల్లం ముక్కలూ భుజంమీద అంటుకున్నాయి. ఆయన గుంటూరు వైపు మనిషి, మాట గట్టి. సామర్లకోటలో మొదలుపెట్టిన తిట్టు అన్న మాట మళ్ళీ అనకుండా సాగించారు. నేను చేతులు జోడించే కూర్చున్నాను గాని, నిజం చెప్పాలంటే శ్రద్ధగా గమనించాను. కోపం ఎలా మొదలవుతుంది, ఎప్పుడు ముదురుతుంది, ఏ మాటకు రెట్టింపవుతుంది అన్నవి నేను వెళుతున్న పనికి పనికొచ్చే సంగతులు. రాజమండ్రి వంతెనమీద అందరితోపాటు ఆయన కూడా లేచి గోదావరిలో కానీ బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకున్నారు. ఆ పెట్టుకున్న చేతులు దించేసరికి కోపం పోయింది. తరవాత బెజవాడలో నాకు రెండు అరటిపళ్ళు కొనిపెట్టి, నా పని విని, కాలు తొక్కడంకంటే లాల్చీమీద పెరుగన్నం పోయడం మంచి పరీక్ష అని సలహా ఇచ్చారు.

పార్కు స్టేషను

మద్రాసులో మన రైలు ఆగే స్టేషను గోపురాలతో దివాణంలా ఉంటుంది. దాన్ని అందరూ చెబుతారు. దానికి ఎదురుగా రోడ్డు దాటితే ఇంకో చిన్న స్టేషను ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. పేరు పార్కు. నా వారమంతా అక్కడే గడిచింది. దగ్గర్లో ఒక సత్రంలో దిగాను. పొద్దున్న అర్ధణాకి రెండు ఇడ్లీలు, వాటిమీద సాంబారు అడిగినా అడక్కపోయినా పోస్తారు. కాఫీ ఇంకో అణా. ఇత్తడి గిన్నెలో గ్లాసు పెట్టి తెస్తారు. ఏది ఎందులో పోసుకోవాలో తెలియక మొదటిరోజు సగం నేలకు పోశాను. మిగిలిన సగం తాగాక, మా ఊళ్ళో పొద్దున్నే చద్దన్నం తిని ఇన్నాళ్ళు ఎలా మేలుకుని ఉన్నామా అనిపించింది.

ఈ పార్కులో ఆగే రైళ్ళు ఏ ఊరూ వెళ్ళవు. ఊళ్ళోనే తిరుగుతాయి. సముద్రపు ఒడ్డున మొదలుపెట్టి ఎగ్మూరు, చెట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం, మాంబళం, సైదాపేట, ఇంకా అవతలికి. పొద్దున్న మనుషుల్ని తెచ్చి పోస్తాయి, సాయంత్రం ఎత్తుకుపోతాయి. స్టేషను బయట ట్రాములు గంట కొట్టుకుంటూ నిలబడి ఉంటాయి, అందినవాళ్ళను అందుకుని వీధుల్లో పంచిపెడతాయి. అవి రైలుకి పిల్లల్లా ఉంటాయి. పొగ లేదు, తీగమీద నడుస్తాయి. కొన్నాళ్ళకి రైలును కూడా ఇలాగే తీగమీద నడుపుతారట, అక్కడివాళ్ళు చెప్పుకుంటున్నారు.

ఇక్కడ నేను చేసిన తప్పు మా ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. రైలు వచ్చింది. తలుపు దగ్గర నలుగురున్నారు. మీరు ఎక్కండి అని పక్కకు తొలిగాను. వాళ్ళు ఎక్కారు. వెనక ఇంకో ఆరుగురు వచ్చారు. అందులో ఒకరు పెద్దవారు, ఆయన్ను కూడా ఎక్కమన్నాను. రైలు వెళ్ళిపోయింది. తరవాత రైలుకి కూడా ఇలాగే మర్యాద చేశాను. మూడో రైలు వెళ్ళాక, టిక్కెట్లు చూసే ఆయన దగ్గరికొచ్చి అరవంలో ఏదో అడిగి, నాకు రాదని తెలిసి తెలుగులో అడిగాడు: "స్వామీ, తమరు ప్రయాణానికి వచ్చారా, సాగనంపడానికి వచ్చారా?"

మన దగ్గర రైలు తప్పిందంటే ఇంటిల్లిపాదీ వారంరోజులు చెప్పుకుంటారు. ఇక్కడ తప్పితే మనిషి ఒక ఆవులింత ఆవులిస్తాడు. వెనకాలే ఇంకోటి ఉంది. టిక్కెట్టు కూడా ఎవరూ కొనరు. నెలకొకసారి తీసుకున్న సీజను టిక్కెట్టు జేబులో ఉంటుంది. కొందరు దాన్ని బయటికి తియ్యరు, జేబువైపు కనుబొమ్మ ఎగరేస్తారు. వాళ్ళమధ్య చేతిలో టిక్కెట్టు పట్టుకుని, అది చెమటకు తడుస్తుంటే ఆరబెట్టుకుంటూ నేనొక్కణ్ణే నిలబడ్డాను.

మంగలి చెప్పిన జాడ

సోమవారం మధ్యాహ్నం, అతను ఆఫీసులో ఉండే వేళ చూసి సైదాపేట వెళ్ళాను. పెళ్ళికొడుకుని గురించి వాకబు చెయ్యడం మా వైపు కష్టమైన పని కాదు. యలమంచిలి సంతలో పూట కూర్చుంటే, వాడు చిన్నప్పుడు ఏ చెట్టుమీదనుంచి పడ్డాడో కూడా చెబుతారు. సైదాపేటలో తమలపాకుల దుకాణంవాడు ఆలోచించి, అవును నేను చెప్పిన ఇంట్లోంచి గొడుగు ఒకటి పొద్దున్న ఇటు, సాయంత్రం అటు వెళుతుందన్నాడు. గొడుగు కింద మనిషిని ఎప్పుడూ చూడలేదట. పక్కింటి ముసలమ్మ నడవాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నాలుగు తెలుగు ముక్కలు వచ్చినావిడే. ఆరేళ్ళుగా గోడ ఒక్కటే అయినా అతని గొంతు వినలేదంది. ఇది మంచి సంగతేనా అని అడిగితే, గోడ మందం అని చెప్పింది.

చివరికి మంగలి దొరికాడు. మంగలికి తెలియని ఊరు ఉండదని నా నమ్మకం.

"తల బాగా తెలుసు స్వామీ. బుద్ధిగా వంచుతాడు," అన్నాడు అతను. "లోపల సంగతి నాకు తెలీదు. అది కావాలంటే ఎనిమిదీ నలభై బండి ఎక్కండి. ఇంజను నుంచి మూడో పెట్టె. ఎడమచెవి కింద పుట్టుమచ్చ. అతగాడి ఊరు అదే. ఇక్కడ పడుకుంటాడు, అంతే."

మూడో పెట్టె

మంగళవారం పొద్దున్నే పార్కులో బండెక్కి సైదాపేట వెళ్ళి, దిగి, గేటు బయట టిక్కెట్టు కొని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళడానికి మూడో పెట్టె ఎక్కాను. కిటికీ పక్కన ఒక ఖాళీ ఉంటే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ ఒక్కసారి నన్ను చూసి, తరవాత మాంబళం వచ్చేదాకా నేను కూర్చున్న చోటును చూశారు. మాంబళంలో ఎక్కినాయన వచ్చి నా ఎదుట నిలబడి, నావైపు కాకుండా బల్లవైపు బెంగగా చూస్తుంటే అప్పుడు తెలిసింది, అది ఆయన చోటని. ఆ పెట్టెలో ప్రతి బల్లకూ మనిషి ఉన్నాడు. లేచి నిలబడ్డాను. అదే మంచిదైంది. ఎదుటి బల్ల చివర, ఎడమచెవి కింద పుట్టుమచ్చతో, సోమేశ్వరరావు కూర్చుని ఉన్నాడు.

సన్నగా ఉన్నాడు. కోటు మోచేతుల దగ్గర మెరుస్తోంది. చేతిలో వార్తాపత్రిక, అంటే పత్రికలో ఒక్క కాగితం. ఆ పెట్టెలో ఒక విచిత్రమైన ఏర్పాటుంది. ఆరుగురు కలిసి ఒకే పత్రిక కొంటారు. దాన్ని విప్పి, కాగితాలు వేరుచేసి, తలా ఒకటి పట్టుకుంటారు. స్టేషను రాగానే ఎవరి కాగితం వాళ్ళు కుడిపక్కాయనకి ఇచ్చి, ఎడమపక్కాయన దగ్గర పుచ్చుకుంటారు. ఎవరూ అడగరు, ఎవరూ తల ఎత్తరు. బండి ఆగుతుంది, కాగితాలు గలగలమంటాయి, బండి కదులుతుంది. పార్కు వచ్చేసరికి అందరూ పత్రికంతా చదివినట్టు లెక్క. మొదటి కాగితం ఆ పెట్టెకు పెద్ద అయిన నాయుడుగారిది. పోయిన కుక్కలూ, వేలంపాటలూ ఉండే కాగితం చిన్నవాడైన సోమేశ్వరరావుతో మొదలవుతుంది. ప్రపంచం వార్తలు తిరిగి తిరిగి ఎగ్మూరులో అతని చేతికొస్తాయి. లోకంలో జరిగేదంతా తెలుసుకోవడానికి అతనికి దొరికేది ఒక్క స్టేషను దూరం.

ఏళ్ళ తరబడి కలిసి వెళుతున్న ఈ మనుషులకు ఒకరి ఇంటిపేరు ఒకరికి తెలియదు. కానీ ఎవరికి ఏ పన్ను నొప్పో తెలుసు.

నుంగంబాక్కంలో బండి కుదిపినప్పుడు, ఆ కుదుపును సాకుగా తీసుకుని, సోమేశ్వరరావు కుడిపాదం తొక్కాను. అతను తల ఎత్తకుండా "పరవాయిల్లె" అన్నాడు. అంటే పరవాలేదని. నాకు ఉత్సాహం వచ్చింది. కాసేపట్లో ఎగ్మూరు వచ్చింది, దిగే జనం ఎక్కే జనాన్ని తోశారు, ఎక్కే జనం అందరినీ తోశారు. ఆ రెండు నిమిషాల్లో నా కాళ్ళు ఆరుగురు తొక్కారు. నేను కూడా నాకు తెలియకుండానే "పరవాయిల్లె" అని ఆరుసార్లు అన్నాను. అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. ఆ బండిలో కాలు తొక్కితే మా నాన్నగారు కూడా ఆ మాటే అంటారు. సుభద్ర ఇచ్చిన పరీక్ష ఈ ఊళ్ళో ఎవరైనా పాసవుతారు.

పరీక్ష మార్చలేను కాబట్టి కష్టతరం చేద్దామనుకున్నాను. బుధవారం మాంబళంలోనే, కుదుపు లేకుండా తొక్కాను. పాదం జరుపుకున్నాడు. గురువారం మడమతో తొక్కాను. అప్పన్న మాట గుర్తొచ్చి, భుజానికి సంచి కూడా తగిలించుకున్నాను బరువుకోసం. సోమేశ్వరరావు పెదవి బిగించి, వేలంపాటల కాగితంవైపే చూస్తూ ఊరుకున్నాడు. ఊరుకున్నవాడికి కోపం రాలేదనా, వచ్చి మింగాడనా? మింగినది ఇంటికెళ్ళి కక్కుతాడా? ఇది బండిలో తేలదు.

నాయుడుగారు తన కాగితాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. స్టేషను రాకుండా కాగితం దించడం ఆ పెట్టెలో అంతకుముందు జరిగినట్టు లేదు. మిగతావాళ్ళు కూడా దించారు.

"ఏమండీ," అన్నారు నాయుడుగారు నన్ను చూసి. "మూడురోజులుగా చూస్తున్నాను. రోజూ ఆయన కాలే తొక్కుతున్నారు. మా కాళ్ళు ఏం పాపం చేశాయి?"

పెట్టెలో ఎవరూ నవ్వలేదు. అదే నాకు మరీ కష్టమైంది.

"పొద్దున ఏడుగంటలకి పార్కులో బండెక్కి సైదాపేటలో దిగి, మళ్ళీ అదే పార్కుకి టిక్కెట్టు కొనే మనిషి ఈ లైనులో మీరొక్కరే. గేటు దగ్గరాయన మంగళవారమే చెప్పాడు. పోలీసువాళ్ళ గూఢచారి అయినా అయ్యుండాలి, పెళ్ళివారైనా అయ్యుండాలి అనుకున్నాము. గూఢచారి అయితే ఇంత బాగా కనపడడు. అందుకని బుధవారానికి పెళ్ళివారని తేల్చుకున్నాము. పిల్ల మీకేమవుతుంది?"

చెల్లెలన్నాను. ఇక ఆ తరవాత వాకబు నాది కాదు, వాళ్ళది. పిల్ల ఏం చదివిందన్నారు. అన్నం వండేటప్పుడు పాడుతుందా అన్నారు. కోపం ఎక్కువా అని పంటినొప్పి ఆయన అడిగాడు. ఒక మనిషిని పరీక్షించడానికి వెళ్ళి, ఆరుగురి ముందు మా ఇంటిని గురించి పరీక్ష రాసి వచ్చాను. కోపం ప్రశ్న వచ్చినప్పుడు ఇక దాచలేక, నాన్నగారి మజ్జిగ సంగతి, పెరట్లోకి వెళ్ళే కంచాల సంగతి, సుభద్ర నాకు అప్పగించిన పని, అన్నీ చెప్పేశాను. సోమేశ్వరరావు చెవి కింద పుట్టుమచ్చ ఎర్రబడింది. పుట్టుమచ్చ ఎర్రబడగలదని నాకప్పుడే తెలిసింది.

"అయితే ఇంకోసారి తొక్కండి, చూస్తాము," అన్నారు నాయుడుగారు. అప్పుడు అందరూ నవ్వారు. ఎగ్మూరులో కాగితాలు మార్చుకోవడం ఆ ఒక్కరోజు మరిచిపోయారు.

వదిలేసిన రెండు ట్రాములు

పార్కులో దిగాక సోమేశ్వరరావు నావైపు చూడకుండా గబగబా నడిచి మెట్లు దిగి ట్రాము దగ్గరికి వెళ్ళాడు. పని చెడిందనుకుని నేను వెనకాలే వెళ్ళాను. ట్రాము గంట కొట్టింది. అతను ఎక్కలేదు. జనం ఎక్కారు, ట్రాము వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో ఆఫీసు వేళకి ట్రామును వదిలేసిన గుమస్తాను నేను చూడడం అదే మొదలు.

"నేను చెయ్యి ఎత్తేవాణ్ణి కానండీ," అన్నాడు చివరికి. తెలుగులో మాట్లాడగానే యలమంచిలి బయటపడింది. "కంచం విసరను. ఉన్నదొక్కటే. కానీ మీరు నన్ను ఎంత తొక్కినా తెలీని సంగతి ఇంకోటుంది. అది మా మావయ్య మీకు చెప్పి ఉండడు."

 ఏ జబ్బో, ఏ అప్పో అనుకున్నాను.

"ఎనిమిదింటికి ఇంట్లోంచి వస్తాను. సాయంత్రం ఆరున్నరకి వెళతాను. ఆదివారం తప్ప మా ఇంట్లో ఎండ ఏ గోడమీద పడుతుందో నాకు తెలీదు. మా వెనక వాటాలో ఒకాయన కిందటేడు తణుకు దగ్గర పిల్లని చేసుకుని తెచ్చేడు. ఆ అమ్మాయి పగలంతా తలుపు గడియేసుకుని కూర్చునేది. మాటాడ్డానికి భాష రాదు, వెళ్ళడానికి చోటు తెలీదు. నాలుగు నెలలకి పుట్టింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. మీ చెల్లెలుగారు నా కోపం గురించి అడిగేరు. మంచిదే. ఆ పది గంటలు ఏటి చేస్తారో నేను అడుగుతున్నాను. దానికి ఆవిడే జవాబు చెప్పాలి, మీరు కాదు. జవాబు లేకపోతే వద్దని చెప్పేయండి. నేనేం అనుకోను."

రెండో ట్రాము కూడా వెళ్ళిపోయింది. మూడోదానికి పరిగెత్తి పట్టుకున్నాడు. ఆఫీసులో ఆలస్యానికి ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను ఒక అణా ఇచ్చి ఆ తరవాతి ట్రాము ఎక్కి, ఎక్కడికి వెళుతుందో అడగకుండా చివరిదాకా వెళ్ళి, అదే ట్రాములో వెనక్కి వచ్చాను. మా ఇంట్లో పద్నాలుగు మందిమి. చిన్నప్పటినుంచి సుభద్ర ఒక్క గంట ఒంటరిగా కూర్చోగా నేను చూడలేదు. అలాంటి పిల్లకి గడియేసిన తలుపు, భాష రాని వీధి. మనిషి మంచివాడని తెలిసింది. మంచివాడి ఇల్లు ఖాళీగా ఉందని కూడా తెలిసింది.

ఊరికి తిరిగొచ్చాక

ఇంటికి చేరిన పూట భోజనాల దగ్గరే నాన్నగారు అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కాలు తొక్కడం దగ్గరికి రాగానే ఆయన కంచం జానెడు జరిగింది. "మద్రాసు దాకా వెళ్ళి పెళ్ళికొడుకు కాళ్ళు తొక్కొచ్చేవా? మన పరువు ఏటవుతుంది?" అన్నారు. అమ్మ ఆయన మొహం చూసింది. నేను మాట మార్చి మిగతాది చెప్పాను. పది గంటల సంగతి విని, అదేం ప్రశ్న, ఆడపిల్ల ఇంట్లో కూర్చుంటుంది, ఇంకేం చేస్తుంది అని ఆయన చెయ్యి కడుక్కున్నారు.

సుభద్ర వడ్డిస్తూ అంతా విన్నది. సాయంత్రం పెరట్లో మల్లెమొగ్గలు కోస్తూ నన్ను పిలిచింది.

"పది గంటలూ ఆ ఇంట్లో ఎవరూ అరవరా?"

ఎవరూ ఉండరన్నాను.

"రోజూనా?"

"ఆదివారం తప్ప. సుభద్రా, అది నవ్వే సంగతి కాదు. ఆ వెనక వాటా అమ్మాయి..."

"ఆ అమ్మాయి తలుపేసుకుని కూర్చుంది. నేనెందుకు కూర్చుంటాను? మీ స్కూలుకొచ్చే గెజిట్టులో ఉంది కదా, మద్రాసులో ఆడవాళ్ళకి టీచరు ట్రైనింగు ఉందని. నువ్వు చదవలేదా? నేను చదివేను." ఒడిలో మొగ్గలు సర్దుకుని నావైపు తిరిగింది. "ఆ బండిలో ఆడవాళ్ళ పెట్టె ఉందా?"

 ఆ బండిలో నాలుగురోజులు అటూ ఇటూ తిరిగాను. బల్లలు లెక్కపెట్టాను, కాగితాలు లెక్కపెట్టాను, ఒకాయన కాలివేళ్ళ దాకా చూశాను. ఆ రైల్లో ఆడవాళ్ళున్నారా లేదా అని ఒక్కసారి కూడా చూడలేదు. భూగోళం పంతుల్ని.

ఆ రాత్రికే నాన్నగారికి చెప్పకుండా సోమేశ్వరరావుకు ఉత్తరం రాశాను. నా చెల్లెలి జవాబు ఇంకా ఒక ప్రశ్న రూపంలోనే ఉందని, దయచేసి చెప్పమని.

పదోరోజున జవాబొచ్చింది. అరుగుమీద కూర్చుని విప్పాను. మర్యాద వాక్యాలు రెండు వదిలేస్తే ఇలా ఉంది:

"ఆరేళ్ళుగా ఎక్కుతున్న బండి అయినా మీరడిగిన సంగతి నాకూ తెలియదు. మా పెట్టెలో ఎవరికీ తెలియదు. నాయుడుగారు సిగ్గుపడ్డారు. ఊహించి రాయడం బాగుండదని, నిన్న సైదాపేటలో ఇంజను దగ్గరనుంచి చూసుకుంటూ వెళ్ళాను. అయిదో పెట్టె ఆడవారిది. లోపల ఎలా ఉంటుందో కూడా రాద్దామని తలుపు దగ్గర తొంగి చూశాను. ఒక పెద్దావిడ గొడుగుతో నెత్తిమీద కొట్టింది. తప్పు నాదే, ఆవిడకి నా పని తెలియదు. సగం లెక్కలో ఉన్నాను కాబట్టి రెండో దెబ్బదాకా నిలబడి పూర్తిచేశాను. పధ్నాలుగు మందికి చోటుంది. పదకొండుమంది ఉన్నారు. ఇద్దరి చేతుల్లో పుస్తకాలున్నాయి. కిటికీ పక్కన ఒకటి ఖాళీ."

సుభద్ర నా భుజం వెనకనుంచి చదువుతోందని నాకు తెలియదు. గొడుగు దగ్గర దాని ఊపిరి ఆగింది, తరవాత పకపకా నవ్వు. ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని, వంటింటి గడపమీద నిలబడి మళ్ళీ మొదటినుంచి చదివింది. లోపలినుంచి నాన్నగారు ఏటా నవ్వు అని అరిచారు. అది ఉత్తరం మడిచి కొంగున ముడేసుకుంది.

"సరేనని రాసెయ్యి అన్నయ్యా," అంది. "బేగి రాయి. ఆ కిటికీ ఇంకెవరైనా పట్టుకుపోతారు."